గురువారం కౌన్సెలింగ్

ఏంజెల్ చేసిన తప్పల్లా ఫోను వంటగట్టు మీద మరిచిపోవడమే. ఆమె స్నానం చేసి వచ్చేలోపు మెసేజ్ రావడం, దాన్ని వాళ్ళమ్మ శాంతమ్మ చదివేయడం కూడా అయిపోయాయి. 'మీ కౌన్సెలింగ్ గురువారం పదకొండు గంటలకు' అని మాత్రమే ఉంది అందులో. కౌన్సెలింగ్ అంటే మన ఇళ్ళలో ఇంకేం అర్థం ఉంటుంది? సీటు. వేసవిలో రాసిన బి.ఎడ్. ఎంట్రన్సులో ర్యాంకు వచ్చింది గనక, బి.ఎడ్. సీటు. శాంతమ్మ అక్కడికక్కడే పొయ్యి కట్టేసి, కొంగు తల మీద కప్పుకుని స్తోత్రం చెప్పుకుంది.

అది సీట్ల కౌన్సెలింగ్ కాదమ్మా, యూనివర్సిటీలో మనసు బాగాలేని పిల్లలతో మాట్లాడేది అని చెప్పడానికి ఏంజెల్ నోరు తెరిచింది. అప్పటికే శాంతమ్మ ప్రమీలమ్మకు ఫోను కలిపింది. ప్రమీలమ్మ వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం శాంతమ్మ లేచి నిలబడి, మా పాపకి గురువారం కౌన్సెలింగు, మంచి కాలేజీ రావాలని ప్రార్థించండి అని కోరింది. చర్చంతా ఆమెన్ అంది.

చెప్పాల్సింది చాలానే ఉంది. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టరు. ఆరు వారాలుగా ల్యాబు దాకా వెళ్తుంది, తలుపు మీద చెయ్యి వేయగానే గుండె దడ పట్టుకుంటుంది, వెనక్కి తిరుగుతుంది. తార్నాక బస్టాపులో కూర్చుని, వచ్చేపోయే మౌలాలి బస్సుల్ని చూస్తూ అక్కడే క్యారేజీ తిని, అయిదింటికి ఇల్లు చేరుతుంది. ల్యాబు ఎలా జరిగిందని అమ్మ అడిగితే బాగా జరిగిందంటుంది. పోయిన గురువారం మొదటిసారి కౌన్సెలర్ కాత్యాయని మేడమ్ గదిలో కూర్చుని తనివితీరా ఏడ్చింది. ఆ రాత్రి ఆరు గంటలు నిద్రపోయింది. ఆ గది ఒక్కటి తనకు మిగిలితే చాలు. కానీ నిజం చెబితే, మనకి ప్రార్థన లేదా, పరాయివాళ్ళకి చెప్పుకోవడమేంటని అమ్మ మాన్పించేస్తుంది. చెప్పకపోతే లేని సీటు తేవాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

గురువారం ఒక్కతే వెళ్తానంది. శాంతమ్మ వింటేనా? మిషన్ స్కూల్లో ఇరవై రెండేళ్ళు గుమస్తాగా చేసిన మనిషి, ఒరిజినల్స్ పిల్ల చేతికిచ్చి పంపుతుందా? సెలవు పెట్టింది. టెన్త్ మెమో మొదలుకొని అన్నీ ఫైల్లో సర్ది, మూడేసి జిరాక్సులు తీయించి ఆటో ఎక్కింది. దారిలో చెప్పేద్దామని ఏంజెల్ రెండుసార్లు "అమ్మా" అంది. రెండుసార్లూ శాంతమ్మ, భయపడకు, నేనున్నాగా అంది. ఆ మాట విన్నాక ఇక చెప్పడమెలా?

క్యాంపస్‌లో చెట్ల వెనక చిన్న భవనం. జనం లేరు, క్యూ లేదు. మనమే ముందొచ్చేశామని శాంతమ్మ మురిసిపోయింది. గుమ్మం దగ్గర స్టూలు మీదున్న అటెండరు పరుశురాంకు ఫైలు చూపించి, వెరిఫికేషన్ ఎక్కడని అడిగింది.

"గీడ సర్టిఫికెట్లు చూడరమ్మా. మనసు బాగలేని పిల్లలొచ్చి మేడంకు చెప్పుకుంటరు," అన్నాడతను మంచిగానే. "మీ పాప పోయిన వారం గూడ వచ్చింది గద. ఇప్పుడు జర నయమే ఉన్నది."

శాంతమ్మ కూతురి వంక చూడలేదు. విప్పిన ఫైలు తాళ్ళు మళ్ళీ ముడి వేసింది. ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

ఆ ముప్పావుగంటలో ఏంజెల్ నోట వచ్చింది ఒక్కటే మాట, మా అమ్మ బయటుంది మేడమ్ అని. లోపలికి పిలవనా అంటే వద్దని తల ఊపింది. బయట కుర్చీ చప్పుడైనప్పుడల్లా అమ్మ వెళ్ళిపోయిందనుకుంది. వెళ్ళిపోతే బాగుండుననీ అనుకుంది.

శాంతమ్మ వెళ్ళలేదు. అదే కుర్చీలో, ఒళ్ళో ఫైలుతో కూర్చునే ఉంది. ఇద్దరూ తార్నాక దాకా నడిచారు. అక్కడ కూరగాయల సంచితో ప్రమీలమ్మ ఎదురైంది. వందనాలు చెప్పి, కౌన్సెలింగ్ ఏమైందని అడిగింది.

ఏంజెల్ తల దించుకుంది. చిన్నప్పుడు ఒక్క అబద్ధానికి అరచేతి మీద స్కేలుతో కొట్టిన తల్లి ఆమె. ఇప్పుడేం చెబుతుందో తెలిసినట్టే అనిపించింది.

"సీటొచ్చిందండి. దేవుని కృప," అంది శాంతమ్మ.

ప్రమీలమ్మ రోడ్డు మీదే స్తోత్రం చెప్పి, ఏంజెల్ బుగ్గ పుణికి, ఈ ఆదివారం చర్చిలో పాప చేతే సాక్ష్యం చెప్పిద్దామని మాట తీసుకుని మరీ వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆ అబద్ధపు బోనులో ఏంజెల్ ఒక్కతే ఉండేది. ఇప్పుడు అమ్మ కూడా లోపలికొచ్చి తలుపేసుకుంది.

"అందరి ముందూ నిలబడి నేను చెప్పలేనమ్మా," అంది ఏంజెల్.

శాంతమ్మ రోడ్డు దాటేటప్పుడు కూతురి చెయ్యి పట్టుకుంది. దాటాక కూడా వదల్లేదు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"గురువారం."

"ఫైలు పట్టుకునే వద్దాం," అంది శాంతమ్మ. "ఎవరైనా చూస్తే రెండో రౌండని చెబుదాం."