గొట్టానికి చెప్పిన మాట

బొగ్గు మార్చేవాడు ఆ రోజూ తిట్టుకుంటూనే నడుముకు తాడు బిగించుకున్నాడు. జనం పారేసిన కొబ్బరిచిప్పలు బట్టీలో కాలి నల్లటి రవ్వలవుతాయి. రంగుల కార్ఖానా పాడుచేసిన ఏటినీళ్లు ఆ రవ్వల్లోంచి దిగి తేటగా బయటికొస్తాయి. తాగేవాళ్లకు అంతవరకే తెలుసు. మురికి పట్టిన బొగ్గును తొట్టిలోకి దిగి తట్టలకెత్తేది తను. పెళ్లికి ముందు నుంచీ మెడ ముడతల్లో, గోళ్ల కింద ఆ నలుపే. సబ్బులు అరిగాయి గానీ అది వదల్లేదు. 'మసిబాబాయ్' అన్న పిల్లల్ని రాయి పట్టుకుని తరిమేవాడు. ఎవరితోనూ పొసగదు.

అందులోనూ పైన తాడు పట్టుకునే బావమరిదితో. వాడికి ఈ పని పెట్టించింది తనే. ఆ వెధవేమో తను కునుకు తీశాడని మేనేజరుకు చాడీ చెప్పాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. చెప్పక తప్పనిది ఏదైనా ఉంటే ఇద్దరూ తొట్టి పక్కనున్న నీళ్ల గొట్టానికి చెప్పుకుంటారు.

మూసిన తొట్టిలో తడిబొగ్గు గాలిని మింగేస్తుంది, దిగినవాడికి ఊపిరందదు. అందుకే ముందురోజే మూత తీసిపెట్టాలి.

బావమరిది గొట్టం వైపు తిరిగాడు.

"రాత్రి వానొచ్చిందని మూతేశాను. ఇందాకే తీశాను. రేపు దిగితే మంచిది."

అతనికి ఒళ్లు మండింది. పని ఆగితే మేనేజరు దగ్గర మళ్లీ ఎవరి పేరు చెబుతాడో తెలీదా!

"నాకు పని నేర్పొద్దని చెప్పవే గొట్టమా! నిన్నగాక మొన్నొచ్చాడు."

"చావాలనుంటే చావమను!"

"చస్తే వాడికి పీడ వదుల్తుందిలే!"

నిచ్చెన దిగాడు. పాదాల కింద బొగ్గు మెత్తగా కుంగింది. తట్ట సగం నింపాడో లేదో మోకాళ్లలో పట్టు సడలింది. కాసేపు కూర్చుంటే సరిపోతుందనుకుని కూలబడ్డాడు. తాడు లాగితే చాలు, బావమరిది పైకి తీస్తాడు. కానీ వాడి ముందా? నేను ముందే చెప్పానని ఊరంతా చాటుకోడూ! తాడు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పైన వెలుతురులోకి ఒక తల వంగింది.

"బావా! ఓ బావా! మాట్లాడు బావా!"

ఇన్నాళ్లకు నోరు పెగిలిందా వెధవకి, అనుకున్నాడు. ఆ మాటే అనబోయి నోరు తెరిచాడు.

తాడు ఒక్కడి బలానికి కదల్లేదు. నలుగురూ పరుగెత్తుకొచ్చి పైకి లాగేసరికి ఒంట్లో ప్రాణం లేదు. "చావమన్నాను, నేనే చావమన్నాను" అని బావమరిది తల బాదుకున్నాడు.

పనివాళ్ల గదిలో, బల్ల మీద, ఇద్దరికీ కలిపి పోయినవాడి భార్య కట్టిచ్చిన క్యారియర్ ఇంకా వెచ్చగానే ఉంది.