ఉప్పు తినేసిన తీగ

నౌపడలో పొద్దున్నే కరెంటు పోతే ఆడవాళ్ళు సెల్‌ఫోన్లు పట్టుకుని గురమ్మ అరుగు దగ్గరికి వెళ్తారు. చార్జరు పిన్ను ఆవిడ గుప్పిట్లో పెట్టి, కోపం తెప్పిస్తారు. అందుకు పెద్దగా కష్టపడక్కర్లేదు. ఎదురింటి వైపు చూపించి, "మీ తమ్ముడు కారు కడుగుతున్నాడే" అంటే చాలు. గురమ్మ తిట్లు అందుకుంటుంది, ఫోన్లు నిండుతాయి. లైన్‌మన్ జగన్నాధం కూడా తన ఫోను అక్కడే పెట్టుకుంటాడు.

ఆ కోపానికి ఏడేళ్ళు. అప్పట్లో గురమ్మ అత్తవారిల్లు చీపురుపల్లి. తల్లి పోయిందని తమ్ముడు అసిరయ్య ఫోను చేసి, "నువ్వు కదలకప్పా, కారేసుకుని నేనొస్తన్నాను" అన్నాడు. గురమ్మ గుమ్మంలో కూర్చుంది. పొద్దు వాలినా కారు రాలేదు. సగం దారిలో ఆగిపోయిందన్నాడు. చీకటి పడకుండా దహనం కానిచ్చెయ్యాలని పెద్దలు తొందరపెట్టారు. గురమ్మ తల్లి ముఖం చూడనేలేదు. తర్వాత భర్త కూడా పోయాక ఉప్పుమడుల్లో పనికి నౌపడ తిరిగొచ్చి, కావాలనే తమ్ముడి ఎదుటి ఇల్లు తీసుకుంది. తిట్టడానికి దగ్గరగా ఉంటుందని.

ఈ వేసవిలో బస్సుల సమ్మె జరుగుతుండగా అసిరయ్య కూతురు తులసికి టీచరు ఉద్యోగం పరీక్ష పడింది. మూడేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన పరీక్ష. శ్రీకాకుళంలో తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు. రైలు వెళ్ళిపోయింది. ఆటోలన్నీ ఎవరెవరో ముందే మాట్లాడేసుకున్నారు. ఆరున్నరకి అసిరయ్య కారు తాళం తిప్పాడు. అది "టక్"మని ఊరుకుంది. హారను లేదు, లైట్లు లేవు. మళ్ళీ తిప్పాడు. అరగంట తిప్పుతూనే ఉన్నాడు.

మెకానిక్ శివాజీ వచ్చి బానెట్ ఎత్తాడు. "తిప్పి తిప్పి బ్యాటరీని సంపేసినావు బావా. ఇంక గురమ్మొదిన రావాల."

"ఆ మనిషా? కారు తోసుకుంటూ పోతాను గానీ!"

తులసి వెళ్ళి మేనత్తని పిలిచింది. గురమ్మ వచ్చింది, సాయానికి కాదు.

"ఒరే శివాజీ, ఆ మనిషికి సెప్పు. కారు సెడిందన్న మాట ఎంత నిజమో సూడ్డానికొచ్చేను."

"సూడమను. కళ్ళున్నాయి కదా!" అన్నాడు అసిరయ్య, ఇంజనుకేసి చూస్తూ.

బ్యాటరీ రెండు కొసలూ గురమ్మ రెండు చేతులా పట్టుకుంది. అసిరయ్య తాళం తిప్పాడు. కారు పలకలేదు. శివాజీ చిన్న బల్బు తీసి, దాని రెండు తీగలూ బ్యాటరీ రెండు కొసలకీ ఆనించాడు. బల్బు తెల్లగా భగ్గున వెలిగింది.

"ఒదిన కోపంలో లోటు నేదు," అన్నాడు. ఈసారి ఒక తీగని అక్కడే ఉంచి రెండోది ఇంజనుకి ఆనించాడు. బల్బు వెలగలేదు. "అదీ సంగతి. కరెంటు ఎల్తే సాలదు బావా, తిరిగి రావాల. వచ్చే దారి తెగిపోనాది."

బ్యాటరీ నుంచి కారు బాడీకి బిగించిన లావు తీగ అది. పైన నల్ల తొడుగు కొత్తదానిలాగే ఉంది. శివాజీ బ్లేడుతో చీలిస్తే లోపల రాగి లేదు. పచ్చటి పొడి రాలింది.

"ఉప్పుగాలి. ఒకనాడు పలుకుతాది, ఒకనాడు మానేస్తాది. నువ్వేమో తాళం స్విచ్చిలు మారుస్తన్నావు. ఇది ఈ ఏటిది కాదు, పదేళ్ళ బట్టీ తింటన్నాది."

గురమ్మ వంగి ఆ పొడిని చూసింది. "పదేళ్ళా?"

"తక్కువ నేదొదినా."

శివాజీ చేతిలో మళ్ళీ బ్యాటరీకి ఆనించిన బల్బు ఎర్రబడింది. ఆరిపోయింది.

శివాజీ తన షెడ్డులో ఇంజను విప్పేసి పడున్న ఆటో తీగ ఊడదీసి తెచ్చి బిగించేసరికి ఏడున్నర అయింది. "తిప్పు బావా." టక్. "ఒదినా, కొంచెం కోపం."

"రాటం నేదురా," అంది గురమ్మ. తమ్ముడికేసే చూస్తోంది. ఏడేళ్ళలో మొదటిసారి సూటిగా అడిగింది. "ఒరే అసిరీ, కారు నిజంగానే ఆగిపోనాదేటిరా ఆ రోజు?"

అసిరయ్య ఏడేళ్ళుగా కాసుక్కూర్చున్న ప్రశ్న అది. అవునప్పా అంటే చాలు. తులసి చేతిలో హాల్‌టికెట్టు చెమటకి మెత్తబడిపోతోంది. అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఆగనేదు," అన్నాడు. "నిన్ను తేవడం ఇష్టం నేక మజ్జలో తిరిగొచ్చేసినాను. అమ్మ కూడా ఆకర్ని నీ పేరెత్తనేదు."

బ్యాటరీ పట్టుకున్న గురమ్మ వేళ్ళ సందుల్లోంచి రవ్వలు లేచాయి. హెడ్‌లైట్లు పట్టపగలు మండాయి, నొక్కకుండానే హారను అరిచింది, ఇంజను అందుకుంది.

"నీ నోట్లో మన్నడిపోనా!" గురమ్మ కారు వెనక వీధి చివరిదాకా వచ్చింది. ఆ పొద్దు నౌపడలో, ఎవరూ ఆమె గుప్పిట్లో పెట్టకుండానే, ఫోన్లన్నీ నిండిపోయాయి.

నరసన్నపేట దాటేసరికి ఎనిమిదిన్నర. పరీక్ష అందుతుంది.

"నాన్నా," అంది తులసి. "నానమ్మ ఆకరిదాకా అత్త పేరే పిలిసింది కదా. పక్కన నేనే ఉన్నాను."

అసిరయ్య గేరు మార్చాడు.

"పుస్తకం సూసుకో," అన్నాడు.