అక్క చున్నీ వాసన

మా అక్క మా ఇంటికి ఎదురుగా, వీధికి అవతల పిన్ని వాళ్ళింట్లో ఉంటోంది. మా గుమ్మంలో నిలబడితే కిటికీలో అక్క తల కనిపిస్తుంది. కాలు స్టూలు మీద చాపుకుని, పిన్ని కుట్టిన చొక్కాలకు కాజాలు కుడుతూ ఉంటుంది. ఒక కేక వేస్తే వినపడేంత దూరం. కానీ నాకు కేక వేయడం రాదు.

నాన్న అక్కను మైకు అంటాడు, నన్ను గుసగుస అంటాడు. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికినా టీచరుకు వినపడదు. పక్కన కూర్చునే పిల్ల నా బదులు చెప్పాలి. నేను నోరు విప్పి మాట్లాడేది అక్కతోనే, అదీ ఒకే దుప్పటి కింద, చెవిలో. వీధికి ఈ పక్కనుంచి ఆ పక్కకు చెవిలో చెప్పడం కుదరదు. అందుకని తను మాట్లాడుతుంది, నేను తల ఊపుతాను.

"ఏమే గుసగుసా, అన్నం తిన్నావా?"

ఊపాను.

"ఏం కూర?"

దానికి తల ఎలా ఊపాలో తెలియలేదు.

"వంకాయైతే ఎడమకి, బెండకాయైతే కుడికి ఊపు. రెండూ కాకపోతే అక్కడే ఉండు, పస్తు అనుకుంటా."

దారిన పోయే సైకిలాయన నవ్వుకుంటూ వెళ్ళాడు. నేను లోపలికి వచ్చేశాను.

ఇదంతా అక్క బండి మీంచి పడ్డప్పుడు మొదలైంది. మోకాలి కింద ఎముక విరిగితే లోపల ప్లేటు వేశారు. కుట్లు మానలేదు, చీము పట్టింది. మందు మార్చారు, మళ్ళీ మార్చారు, ఏదీ పనిచేయలేదు. చీమును పరీక్షకు పంపాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

"ఇది స్టాఫ్ అనే బ్యాక్టీరియా. చాలామంది ముక్కులో, చర్మం మీద ఊరికే పడి ఉంటుంది. మీ అమ్మాయికి పట్టింది మాత్రం మందులకు లొంగని రకం. మీ ఇంట్లో ఎవరికైనా సెగగడ్డలు లేస్తుంటాయా?"

"లేస్తే రెండు మాత్రలు వేస్తానండి, అణిగిపోతాయి," అంది అమ్మ.

"ఆ మాత్రలు ఎక్కడివి?"

"ఎప్పుడో మిగిలినవి డబ్బాలో దాస్తాను. ఇంకొకరికి పనికొస్తాయని."

డాక్టరమ్మ కోప్పడలేదు. "తోచినప్పుడల్లా రెండేసి వేసుకుంటూ పోతే మెత్తనివి చస్తాయి, మొండివి మిగులుతాయి. మీ డబ్బా వల్లే ఇలా అయిందని చెప్పను. అలాంటి డబ్బా లేని ఇల్లు నేనూ చూడలేదు."

ఇంటికి రాగానే అమ్మ మాత్రలన్నీ సంచిలో వేసి మందుల షాపులో ఇచ్చేసింది. ఆ డబ్బాలో ఇప్పుడు పిన్ని గుండీలు దాచుకుంటోంది.

ఆసుపత్రిలో అక్క కాల్లోంచి ప్లేటు తీసేశారు. ఆ తర్వాత చేసింది కొత్త వైద్యం. బ్యాక్టీరియాను వెతికి పట్టుకుని చంపే వైరస్‌లు ఉంటాయట. అవి మనుషుల జోలికి రావట. మురుగునీళ్ళలో కూడా దొరుకుతాయట. అక్క చీములోని బ్యాక్టీరియాను ఎక్కడో ఉన్న ల్యాబుకు పంపి, సరిగ్గా దాన్ని చంపే వైరస్‌ను వెతికించి, శుద్ధి చేయించి, ఐసు పెట్టెలో తెప్పించారు. ఇంకొక మందుతో కలిపి ఇచ్చారు. ఇది ఇంకా పరీక్షల్లోనే ఉంది, తగ్గుతుందని మాట ఇవ్వలేను అని డాక్టరమ్మ ముందే చెప్పారు.

"నాకింకా సంబంధం కుదరలేదు గానీ, నా కాల్లో పురుగుకి మాత్రం ఊళ్ళన్నీ తిరిగి జోడీ కుదిర్చారు," అంది అక్క. నాన్న నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

అక్క గాయం మానింది. ఎముక అతకడానికి మళ్ళీ ప్లేటు వేయాలి. అంతకుముందు ఇంట్లో అందరి ముక్కులూ పరీక్షించాలన్నారు. నర్సమ్మ వచ్చి పుల్లకు దూది చుట్టినట్టున్న దానితో ముక్కులో తిప్పి తీసుకెళ్ళింది. అమ్మకు లేదు, నాన్నకు లేదు, పిన్నికి లేదు. నాకు ఉంది.

నాకు జ్వరం లేదు, గడ్డలు లేవు. "నిన్నేమీ చేయదు, మీ అక్కను చేస్తుంది," అంది నర్సమ్మ. నా ముక్కు శుభ్రమని తేలేవరకు అక్క ఇంటికి రాకూడదు. అలా అక్క ఎదురింటికి వెళ్ళింది.

ముక్కులో ఆయింట్‌మెంటు పూసుకున్నాను. ఆసుపత్రి సబ్బుతో తల నుంచి కాలి దాకా రుద్దుకున్నాను. అమ్మ రోజూ నా పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతికింది. పరీక్ష చేస్తే పోయిందన్నారు. అక్కను తీసుకొచ్చేముందు మరోసారి చూస్తే మళ్ళీ ఉంది. మొదటినుంచి అంతా చేశాం. పోయింది, మళ్ళీ వచ్చింది.

"దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అన్నీ ఉతుకుతున్నారా?" అని నర్సమ్మ అడిగింది.

"ఇక గోడలే మిగిలాయమ్మా ఉతకడానికి," అంది అమ్మ.

"ఇంకొక్కసారి చూద్దాం. ఊరికే పూస్తూ పోతే ఈ ఆయింట్‌మెంటుకీ అది అలవాటు పడిపోతుంది. అప్పుడు దీన్ని కూడా పోగొట్టుకున్నట్టే."

నర్సమ్మ వెళ్ళాక అమ్మ నాన్నతో మెల్లగా అంది, "ఈసారి కూడా కాకపోతే పెద్దమ్మ వాళ్ళ ఊరు పంపిద్దాం. ఆపరేషనూ అక్కడే చేయిద్దాం. ఎన్నాళ్ళని చెల్లెలింట్లో ఉంచుతాం?"

పెద్దమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాలంటే రైలెక్కాలి. అక్కడ కిటికీ ఉంటుంది, ఎదురుగా నేనుండను.

మర్నాడు నాన్నకు అన్నం క్యారియరు తీసుకెళ్ళాను. నాన్నది పంక్చర్ల షాపు. ఒకాయన చక్రం పట్టుకుని గొడవ పడుతున్నాడు.

"ఏం ప్యాచీ వేశావయ్యా? మళ్ళీ గాలి పోయింది."

"ప్యాచీ బాగానే ఉంది. చూడండి, మీరే నీళ్ళలో ముంచండి."

"మరి గాలి ఎటు పోయింది, నువ్వు తాగావా?"

నాన్న టైరు తీసి, లోపలివైపు వేళ్ళతో మెల్లగా తడుముకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, పట్టకారుతో చిన్న ముల్లు లాగి ఆయన అరచేతిలో పెట్టాడు. "ట్యూబుకెన్ని ప్యాచీలేస్తే ఏం లాభమండీ. ఇది లోపలే కూర్చుని మళ్ళీ మళ్ళీ పొడుస్తోంది."

నా ముల్లు ఎక్కడుందో నాకు తెలుసు.

ఆసుపత్రిలో చేరిన రోజు అక్క వేసుకున్న చున్నీ అది. నేరేడుపండు రంగు. అమ్మ ఉతికేస్తుందని పాత బడి సంచిలో దాచాను. అక్క తలనూనె, పౌడరు, చెమట, కొంచెం కుట్టుమిషను నూనె, అన్నీ కలిసిన వాసన. అక్క పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టదు. దీపం ఆర్పాక చున్నీ తీసి ముఖానికి చుట్టుకుంటే, అక్క అటు తిరిగి పడుకుందని అనుకోవచ్చు. పొద్దున అమ్మ లేవకముందే మళ్ళీ సంచిలోకి. శుభ్రంగా కడుక్కున్న ముక్కును రోజూ తీసుకెళ్ళి అందులో పెట్టాను. అక్క కావాలనుకునే, అక్కను రాకుండా చేసుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకు చూపించాను. అమ్మ చున్నీ వైపు చూసింది, నా వైపు చూసింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఉతకడం మాత్రం నేనే చేస్తానన్నాను.

నీళ్ళు సలసలా మరుగుతుంటే చివరిసారి వాసన చూడాలనిపించింది. ముఖం దాకా తీసుకెళ్ళి ఆగిపోయాను. గిన్నెలో వేసి కర్రతో ముంచాను. ఆవిరిలో ఒక్క క్షణం అక్క వచ్చినట్టే వచ్చింది. తర్వాత సబ్బు వాసనే.

ఎండలో తీగ మీద ఆరేశానో లేదో, ఎదురింటి కిటికీలో అక్క తలెత్తింది.

"అది నా చున్నీయే కదే? ఆసుపత్రిలో పోయిందనుకున్నానే. ఎక్కడ దొరికింది?"

తల ఊపడానికి వీల్లేని ప్రశ్న. లోపలికి వెళ్ళిపోవచ్చు. అమ్మ చెబుతుంది. కానీ ఇది అమ్మ చెప్పేది కాదు. గుమ్మం దిగి వీధి అంచుదాకా వెళ్ళాను.

"నా దగ్గరే ఉంది," అన్నాను.

"ఏంటీ? వినపడట్లేదు."

ఊపిరంతా బిగబట్టి అరిచాను. "నా దగ్గరే ఉంది. నీ వాసన వస్తుందని రోజూ మొహాన కప్పుకుని పడుకున్నాను. అందుకే ఆ పురుగు పోవట్లేదు. ఇప్పుడు ఉడకబెట్టేశాను అక్కా. ఇంక వాసన లేదు. నువ్వు వచ్చెయ్."

పిన్ని కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. మైకు మాత్రం మాట్లాడలేదు. అక్క చొక్కాను ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరే ఆ అరిచింది?" అంది చివరికి, చొక్కా దించి. "మా చెల్లెలేనా? బడిలో టీచరుకి చెప్పు, ఇక ఆ పక్కపిల్లని సాయం కూర్చోబెట్టక్కర్లేదని."

మూడోసారి ఆయింట్‌మెంటు పూశాక చేసిన పరీక్షలో నా ముక్కు శుభ్రంగా ఉంది. ఆగి మళ్ళీ చూశారు, అప్పుడూ శుభ్రంగానే ఉంది. నాన్న, పిన్ని చెరోపక్కా పట్టుకుని అక్కను వీధి దాటించారు.

ఆపరేషనయ్యి కుట్లు మానేదాకా ఒకే దుప్పటి, ఒకే తువ్వాలు వద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది. అందుకని రెండు మంచాలు, మధ్యలో స్టూలు, దాని మీద అక్క మందులు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే ఇద్దరం పైకప్పు చూస్తూ పడుకున్నాం. అక్క దగ్గర కూడా ఇప్పుడు ఆసుపత్రి సబ్బు వాసనే, నా దగ్గరా అదే. అయినా అటునుంచి వచ్చే ఊపిరి చప్పుడు మాత్రం తనదే.

మెల్లగా ఒక మాట అన్నాను.

"వినపడలేదే," అంది అక్క. "మొన్న వీధంతా వినపడేలా అరిచావుగా, అలా చెప్పు."

"గట్టిగా చెప్పేది కాదు."

తను కాలు కదపకూడదు. నేను దగ్గరికి జరగకూడదు.

"అయితే దాచుకో," అంది అక్క. "కుట్లు మానాక చెబుదువుగాని."

దాచుకున్నాను.