నీటి మీద చుక్క

యుదిత్ పడవ దీవి అంచుకు తగిలేసరికి నెలిదా చారు కుండ దించి, తడి చేతులు పావడాకు తుడుచుకుంటూ నిలబడి ఉంది. జనాభా లెక్కల పిల్ల ఇవాళ వస్తుందని ఆమెకు తెలుసు. ఏం చెప్పాలో కూడా నిన్నటి నుంచి మనసులో వల్లె వేసుకుంటోంది. మా అమ్మ నాతోనే ఉంటుంది, లెక్క కోసం సర్కారు పెట్టిన రాత్రి నా గుడిసెలోనే పడుకుంది. అంతే. చిన్న అబద్ధం. ఆ రాత్రి అమ్మ ఇక్కడే తిన్నది, ఇక్కడే చెయ్యి కడుక్కుంది, ఆ తర్వాతే పడవెక్కి అక్క దగ్గరికి పోయింది. తిన్నచోటే పడుకుందని రాయిస్తే ఎవరి సొమ్ము పోయింది?

ఈ అబద్ధానికి మూలం ఒక రంపం. తితికాకా సరస్సు మీద రెల్లు పేర్చి కట్టిన తేలే దీవుల్లో పుట్టినవాళ్ళకు గొడవ ముదిరితే కోర్టుల దాకా పోవక్కర్లేదు. దీవిని మధ్యకు కోసి ఎవరి ముక్క వాళ్ళు లాక్కుపోతారు. నెలిదా, దెల్ఫీనా అక్కచెల్లెళ్ళు. పొయ్యి పొగ ఎవరి గుడిసెలోకి పోతోందన్న దగ్గర మొదలుపెట్టి, పెళ్ళినాటి ముచ్చట్ల దాకా తవ్వుకుని, చివరికి మగవాళ్ళ చేత పొడుగు రంపం పట్టించారు. కోళ్ళు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, సోలార్ పలకలు పంచుకున్నారు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. "పెద్దదాన్ని నేను, అమ్మ నాది" అని దెల్ఫీనా తన ముక్క మీద నిలబడి అరిచింది. మధ్యలో నీళ్ళు వెడల్పవుతుంటే ఆ మాట నెలిదా చెవిలో పడింది. ఇప్పటికీ చెవిలోనే ఉంది.

అమ్మ యులాలియా మాత్రం ఎవరి పక్షమూ పట్టలేదు. తన రెల్లు పడవ వేసుకుని ఒక రోజు ఈ కూతురింటికి, ఒక రోజు ఆ కూతురింటికి తిరుగుతోంది. దేశం లెక్కలు తీసేది పదేళ్ళకోసారి. పెట్టిన రాత్రి ఎవరు ఏ ఇంట్లో పడుకుంటే ఆ ఇంటి లెక్కలోనే పడతారు. ఆ లెక్కలో అమ్మ తన ఇంట్లో ఉన్నట్టు పడిందంటే, పదేళ్ళ పాటు దెల్ఫీనా గొంతు చించుకున్నా అమ్మ తనదే. నెలిదాకు కావలసింది అదొక్కటే.

"ముందు కాస్త చారు తాగు" అంది నెలిదా.

"లెక్కయ్యాక తాగుతా పిన్నీ. ఇంకా చాలా దీవులు తిరగాలి." యుదిత్ పక్క దీవి పిల్లే. ఒడ్డునున్న పూనో పట్నంలో శిక్షణ తీసుకుని, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని రెల్లు మోపు మీద కూర్చుంది.

"ఏమీ తినకుండా లెక్కేంటే. పోయినసారి మా మామయ్య దీవికి రెండుసార్లు వచ్చారు తెలుసా?"

ఆ కథ సరస్సులో అందరికీ తెలుసు. అయినా నెలిదా చెప్పింది. పోయినసారి అంతా కాగితాల మీదే. దేశమంతా ఇళ్ళలో కూర్చుంటే మనుషులు వచ్చి రాసుకుపోయారు. పొద్దున మామయ్య ఇంటిని రాసుకుని వెళ్ళారు. మధ్యాహ్నం గాలికి గుంజలు ఊడి దీవి కాస్తా కొట్టుకుపోయి అవతలి పాయలో తేలింది. అక్కడ ఇంకొకాయన పెన్ను తీసి కూర్చున్నాడు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని "మాదైపోయింది, వెళ్ళిపో" అని ఎలా అంటాం? మామయ్య ఆయనకూ చేపలు వేయించి పెట్టి, మళ్ళీ అందరి పేర్లూ మర్యాదగా చెప్పాడు.

"అంటే మీ మామయ్య వాళ్ళు దేశంలో రెండిళ్ళ వాళ్ళు" అంది యుదిత్ నవ్వుతూ. "ఈసారి ఆ పప్పులుడకవు పిన్నీ. ఇది చూశావా?"

టాబ్లెట్‌లో సరస్సు పటం ఉంది. దాని మీద ఇంటికొక చుక్క. యుదిత్ తామున్న చోటు చూపించింది. అక్కడ చుక్క లేదు. దూరంగా, పాత దీవి ఉండిన చోట ఒకటుంది. తను కూర్చున్న చోట కొత్త చుక్క పెట్టబోతే టాబ్లెట్ ఒప్పుకోలేదు. ఇక్కడ ఇల్లేంటి, నీళ్ళు కదా, అన్నట్టు ఎర్రగా రాసి చూపించింది.

నెలిదా టాబ్లెట్ మీదికి వంగింది. "మేమే లేమంటోందా?"

"పాత బొమ్మలో లేరు. అందుకే రాజధాని లీమాకు అడిగి పంపించా. వాళ్ళ దగ్గర కొత్త బొమ్మ ఉంటుంది."

చారు చల్లారకముందే జవాబొచ్చింది. జవాబుతో పాటు ఆకాశం లోంచి ఉపగ్రహం ఇవాళ పొద్దునే తీసిన బొమ్మ కూడా వచ్చింది. యుదిత్ రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసింది. ముదురు నీలం నీటి మీద చిన్న పసుప్పచ్చ ముక్క, దాని మీద గోధుమ రంగు గుడిసెలు, ఒక మూల ఎర్రటి మరక.

"ఆ ఎర్రదేమిటే?"

"నాకేం తెలుసు పిన్నీ, నీ దీవి."

నెలిదా తల తిప్పి చూసింది. తెల్లవారుతూనే తను ఆరవేసిన ఎర్ర దుప్పటి ఇంకా తాడు మీదే ఉంది. మేఘాల కంటే పైన, కొండల కంటే పైన, కన్ను ఆనని చోట ఏదో తిరుగుతూ తిరుగుతూ తన దుప్పటిని చూసింది. మొగుడు కూడా చూడలేదు ఆ దుప్పటిని, తడిగా ఉందని చెప్పినా పట్టించుకోకుండా చేపలకు పోయాడు.

బొమ్మ కాస్త పక్కకు జరిగితే దెల్ఫీనా దీవి కనిపించింది. రెండింటి కోసిన అంచులు ఎదురెదురుగా ఉన్నాయి. విరిచిన రొట్టె ముక్కల్లాగా ఇటు వంపు అటు లోతులో సరిగ్గా పడుతుంది. కిందినుంచి చూసినన్నాళ్ళూ అవి రెండు దీవులు. పైనుంచి చూస్తే ఒక్కటే, మధ్యలో గాయంతో. నెలిదా చూపు తిప్పుకుంది.

"ఇంకా పైకి పోనా?" అని యుదిత్ వేళ్ళు దగ్గరికి తెచ్చింది. దీవులు నువ్వు గింజలయ్యాయి, తర్వాత కనబడకుండా పోయాయి. సరస్సంతా ఒక్కసారిగా తెర మీదికి వచ్చింది. దాని చుట్టూ గట్ల మీద, కొండల మడతల్లో, మంచు అంచుల దాకా చుక్కలే. ఆకుపచ్చవి లెక్కయిపోయిన ఇళ్ళు, బూడిదరంగువి కావలసినవి. ఇంకా పైకి పోతే ఎడారి తీరమూ అడవీ నదులూ వచ్చాయి. ఎక్కడ చూసినా చుక్కలు. నెలిదా చూస్తుండగానే ఎక్కడో అడవి వైపు ఒకటి పచ్చబడింది.

"ఎవరది?"

"ఎవరో. పేరు మనకు కనబడదు. ఎవరింట్లోనో ఇప్పుడే ఎవరో మొత్తం చెప్పేశారు."

నెలిదా ఆ చుక్క మీదే చూపు నిలిపింది. ఆ చుక్కలో కూడా ఒక పొయ్యి ఉంటుంది, దాని చుట్టూ పిల్లలుంటారు, బహుశా గొడవలు కూడా ఉంటాయి. ఇంతమంది ఉన్నారని ఆమెకు ఎవరూ చెప్పకపోలేదు. బడిలో చెప్పారు, రేడియోలో చెప్పారు. కానీ ఇప్పటిదాకా దేశమంటే ఆమెకు పూనో సంతలో తోసుకునే జనమే. ఇంతలేసి చీకటి కొండల నడుమ ఇన్ని ఇళ్ళు ఒక్కొక్కటిగా వెలుగుతుంటే చూడడం గుళ్ళో మోకరిల్లినప్పటి భయంలా ఉంది. ఆ భయం ఆమెకు బాగుంది కూడా.

"లీమాలో కూర్చున్నవాళ్ళకు మనం నిజంగా తెలుస్తామా?" అని అడిగింది.

"మందుల పడవ ఏ పాయలో ఆగాలో ఈ చుక్కల్ని బట్టే చెప్తారట. తెలియకపోతే ఎలా చెప్తారు? సరే, నీ దీవికి చుక్క వచ్చేసింది. ఇంక పేర్లు చెప్పు."

నెలిదా మొగుడి పేరు, పిల్లల పేర్లు, తన పేరు చెప్పింది. తర్వాత గొంతు సవరించుకుని అమ్మ పేరు, ఆమె గుర్తింపు కార్డు నంబరు చెప్పింది. కార్డు తన దగ్గర పెట్టుకోవడం కూడా ముందే ఆలోచించి చేసిన పని. యుదిత్ నొక్కింది. టాబ్లెట్ చిన్నగా మోగింది.

యుదిత్ ముఖంలో నవ్వు పోయింది. "పిన్నీ, అమ్మమ్మ ఇదివరకే లెక్కలో ఉంది. వేరే ఇంట్లో."

"ఏ ఇంట్లో?"

"అది నేను చెప్పకూడదు."

"నువ్వు చెప్పక్కర్లేదులే, నా అక్క ఇంట్లో. ఎప్పుడు రాశారు?"

"అదీ చెప్పకూడదు. ఇవాళే."

"ఇవాళ రాసింది అప్పుడే ఈ టాబ్లెట్‌కెలా తెలిసింది? ఎవరు మోసుకెళ్ళి చెప్పారు?"

"ఎవరూ చెప్పరు పిన్నీ. పంపిన పేరు లీమాకు పోయి, దేశంలోని పేర్లన్నిటి పక్కనా నిలబడుతుంది. మళ్ళీ అదే మనిషి ఇంకో గుమ్మంలోంచి వస్తే అక్కడి యంత్రం గుర్తుపడుతుంది. ఇప్పుడు నన్ను అడుగుతోంది, ఆ రాత్రి ఈమె నిజంగా ఎక్కడ పడుకుంది అని. చెప్పు పిన్నీ. ఎక్కడ పడుకుంది?"

నెలిదా దుప్పటి వైపు చూసింది, తర్వాత ఆకాశం వైపు చూసింది. పగలు దుప్పటిని చూసినది రాత్రి అమ్మ పడవ కదలడం చూసి ఉంటుందా?

"రాత్రిపూట కూడా చూస్తుందా అది?"

"చీకట్లో ఏం కనపడుతుంది? ఎందుకడుగుతున్నావ్?"

చెప్పేస్తే అమ్మ పదేళ్ళు దెల్ఫీనాదైపోతుంది. చెప్పకపోతే ఇన్ని ఇళ్ళున్న ఆ పటంలో ఒక్క అబద్ధం తన గుడిసెలోంచి పోతుంది. అది చిన్నదని ఇందాక అనుకుంది. ఇప్పుడు ఆ చుక్కలన్నీ చూశాక చిన్నదనిపించలేదు.

"నా దగ్గర పడుకోలేదు" అంది చివరికి. ఏడుపు ఆపుకుంటూ అంది. "ఇక్కడ తిని అక్క దగ్గరికి పోయింది. రాసుకో. అక్కే గెలిచింది."

యుదిత్ రాసుకోలేదు. తలొంచుకుని టాబ్లెట్ అంచు గీరుతూ కూర్చుంది. "అక్కడ కూడా కాస్త నీళ్ళు నమిలారని రాసుకున్నవాళ్ళు గుర్తు పెట్టారు పిన్నీ. నేను చెప్పకూడదు గానీ... అమ్మమ్మనే అడుగుదాం."

యులాలియా రెల్లు కోసుకుని అప్పుడే వస్తోంది. పడవ నిండా పచ్చి మోపు, నెత్తిన నల్ల టోపీ, కాళ్ళు మోకాళ్ళ దాకా తడి. విషయమంతా విని పడవలోంచి దిగలేదు. గడకర్ర నీళ్ళలో గుచ్చి, దాన్ని పట్టుకుని నిలబడింది.

"ఆ రాత్రి పడవలో పడుకున్నా" అంది.

"ఏ పడవలో?" అంది నెలిదా.

"నాకెన్ని పడవలున్నాయే? ఇందులోనే. పాయ మధ్యలో రెల్లు దుబ్బుకు కట్టుకుని."

"అదేంటమ్మా, అక్క దగ్గర పడుకుంటానన్నావుగా."

"నీ దగ్గర తిన్న రోజు అక్క దగ్గర పడుకుంటానన్నా. దాని దగ్గర తిన్న రోజు నీ దగ్గర పడుకుంటానన్నా. ఇద్దరూ నమ్మారు. ఒకదాని ఇంట్లో పడుకుంటే రెండోది పొద్దున ముఖం మాడ్చుకుంటుంది. ఈ వయసులో ఆ ముఖాలు నేను చూడలేను."

"ఆ ఒక్క రాత్రేనా?"

ముసలమ్మ గడకర్ర ఇంకాస్త లోతుకు దించింది. "దీవి కోసినప్పటి నుంచీ" అంది.

ఈ నీటి మీద రాత్రయితే బకెట్లో నీళ్ళు గడ్డకడతాయి. "ఇంట్లో ఉందని రాయి యుదిత్" అంది నెలిదా గబగబా. "నా ఇంట్లోనో అక్క ఇంట్లోనో. ఎక్కడో ఒకచోట కప్పు కింద రాయి."

"ఆ రాత్రి అయిపోయింది కదా పిన్నీ" అంది యుదిత్ మెల్లగా. "పడవల్లో పడుకునేవాళ్ళకు వేరే పద్దు ఉంది. కానీ చుక్క ఆ చోటికి వెళ్ళి పెట్టాలి."

వాళ్ళు పాయ మధ్యకు వెళ్ళారు. ముందు ముసలమ్మ పడవ, వెనక యుదిత్ పడవలో నెలిదా. అవతలి దీవి నుంచి చూస్తున్న దెల్ఫీనా ఏమైందోనని తనూ పడవ వేసుకుని వచ్చేసింది. దుబ్బు దగ్గర రెల్లుకాడలు తాడు ఒరిపిడికి అరిగిపోయి ఉన్నాయి. అవి చూస్తే ఎవరూ ఏమీ విప్పి చెప్పక్కర్లేదు. అయినా యుదిత్ చెప్పింది. దెల్ఫీనా తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయింది.

యుదిత్ టాబ్లెట్ చేత్తో పైకెత్తి పట్టుకుంది. ఈసారి యంత్రం నీళ్ళని అభ్యంతరం చెప్పలేదు. రెండు దీవుల చుక్కల నడుమ, ఉత్త నీలం మీద, మూడో చుక్క వెలిగింది. యులాలియా మెడ చాచి చూసింది.

"అది నేనా?"

"నువ్వే అమ్మమ్మా."

"లీమాలో వాళ్ళకు కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. ఇంకో రెండు మాటలు చెప్పు. ఈ ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

"ఇంటి పెద్ద ఎవరు?"

పెళ్ళి కాకముందు నాన్న పేరు కింద, అయ్యాక మొగుడి పేరు కింద, ఆయన పోయాక కూతుళ్ళ నోటి కింద ఉన్న మనిషి. ముసలమ్మ టోపీ సరిచేసుకుంది. "నేనే" అంది. ఆ మాటలో గర్వం దాచుకోలేదు.

చుక్క పచ్చబడింది. దేశమంత పటంలో ఇసుక రేణువంత. నెలిదాకు అది మిగతా అన్నిటికంటే పెద్దగా కనిపించింది. ఆకాశంలో అంత ఎత్తున తిరిగే కన్నుకూ, ఎక్కడో కూర్చున్న తెలియని మనుషులకూ అమ్మ ఎక్కడుందో ఇప్పుడు తెలుసు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్న తామిద్దరికీ తెలియలేదు. కోసినప్పటి నుంచి మొదటిసారి ఆమె అక్క ముఖంలోకి చూసింది. దెల్ఫీనా కూడా ఇటే చూస్తోంది.

దెల్ఫీనా పడవ దగ్గరికి జరిపి, తల్లి తడి పాదం మీద చెయ్యి వేసింది.

"చలి వెయ్యలేదా అమ్మా?"

"వేసింది" అంది యులాలియా.