మధ్యలో ఆగే మాట

ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందు కూర్చుని వచ్చే బస్సులూ పోయే బస్సులూ చెప్పినాయనకు చివరికి గొంతే లేకుండా పోయింది. గొంతులో పుండు ముదిరిందని డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఆ వెనకే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, రాసి చూపించే దారి కూడా మూసుకుపోయింది. ఫోనులో అక్షరాలు మరీ చిన్నవి, వణికే వేలికి అందవు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరే ఆయనకు నోరైంది. పెద్ద కీబోర్డు మీద ఎడమ చూపుడువేలితో ఒక్కో అక్షరం కొడితే, స్పీకరులోంచి ఎత్తూ పల్లం లేని గొంతొకటి దాన్ని చదివేది.

బంధువులందరికీ ఆయన మైకు మావయ్య. ఆ గొంతు మొదటిసారి విన్నప్పుడు, "వీడికి పడిశం పట్టినట్టుంది" అని దానిచేతే చెప్పించి అందరినీ నవ్వించాడు. భార్య మాత్రం నవ్వలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు పుండు మళ్లీ లేచిందని, ఇంకో ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్లు అన్నారు. ఆ రోజుల్లోనే కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. మాట మధ్యలో తెర బిగుసుకుపోయేది. "కూరలో ఉప్పు" అని ఆగిపోయేది.

"ఎక్కువైందా, తక్కువైందా? చెప్పండి!" అని భార్య గరిటె పట్టుకుని నిలబడేది. కాసేపటికి తెర నల్లబడి, మళ్లీ మొదటినుంచి తెరుచుకునేది. ఈలోగా కూర చల్లారిపోయేది.

కాలేజీలో కంప్యూటర్లు చూసే మేనకోడలు ఒక సెలవురోజు సంచీ తగిలించుకుని వచ్చింది. పక్క మూత విప్పితే లోపల ఫ్యాను రెక్కలకు దుమ్ము దుప్పటిలా కప్పుకుని ఉంది.

"మావయ్యా, దీనికి ఊపిరాడట్లేదు. వేడెక్కి బిగుసుకుపోతోంది," అంది.

దుమ్మంతా కుంచెతో దులిపింది. ప్రాసెసరు మీద వేడిని లాగే పేస్టు ఎండి పెచ్చులైతే, గీకి కొత్తది రాసింది. మెమరీ కార్డు ఊడదీసి, దాని అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించింది. సాయంత్రందాకా చూసింది. ఎక్కడా ఆగలేదు. మావయ్య "బంగారు తల్లివి" అని టైపు చేశాడు. అత్తయ్య మాత్రం, "పాతదైపోయింది, ఎన్నాళ్లు లాగుతుందిలే," అంది.

తరువాత వచ్చినప్పుడు మావయ్య అడక్కుండానే ఫిర్యాదు చేశాడు. "ఇప్పుడు బిగుసుకోవడం లేదు. టప్పున ఆరిపోయి మళ్లీ లేస్తోంది."

కరెంటు అందించే పెట్టె పోయిందేమోనని ఆమె ఇంకొకటి తెచ్చి మార్చింది. మర్నాడూ అదే కథ. రోగం ఒకటి తగ్గితే ఇంకొకటి తగులుకున్నట్టుంది. చివరికి, ఎప్పుడు ఏం జరిగిందో కంప్యూటరు తనలో తాను దాచుకునే వివరాలు తెరిచి చూసింది. లోపల ఏ తప్పూ లేదు. కరెంటు ఉన్నట్టుండి పోయింది, అంతే. ఇంట్లో దీపాలు మాత్రం ఒక్కసారీ ఆరలేదు.

ఈసారి కదలకుండా పక్కనే కూర్చుంది. పగలంతా కంప్యూటరు బుద్ధిగా పనిచేసింది. సాయంత్రం టీ తాగాక అత్తయ్య ఎప్పటిలాగే బల్లకు అవతల కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. మావయ్య వేలు మెల్లగా కదిలింది.

"ఈసారి ఆపరేషన్‌కి నేను" అంది స్పీకరు. అంతే, తెర నల్లబడింది.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ప్లగ్గు చూద్దామని మేనకోడలు బల్ల కిందికి వంగింది. గోడ పక్కన ఉన్న స్విచ్చుల పెట్టె మీద అత్తయ్య కాలి బొటనవేలు ఉంది. ఎర్రదీపం ఆరిపోయి ఉంది. అత్తయ్య కూడా వంగి చూసింది. ఇద్దరి చూపులూ బల్ల కింద కలిశాయి. అత్తయ్య బొటనవేలితో మళ్లీ నొక్కింది. దీపం వెలిగింది.

"వైరు వదులైనట్టుంది మావయ్యా," అని మేనకోడలు లేచి, అత్తయ్య వెనకే వంటింట్లోకి నడిచింది.

"ఏంటత్తయ్యా ఇది?"

అత్తయ్య కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున మాట్లాడింది. "ఆయన ఆ మాట ఎత్తిన మొదటిరోజు అదే ఆగిపోయిందే. దేవుడే ఆపాడనుకున్నా. నువ్వొచ్చి బాగుచేశావు. ఇక నాకు దిక్కేది?"

"ఏ మాట?"

"ఇక కత్తి కిందికి పోనంటారు. చాలంటారు. పూర్తిగా విన్నాననుకో, ఒప్పుకున్నట్టే. సగం విన్నదానికి ఒప్పుకోనక్కర్లేదు కదా?"

మేనకోడలికి కోపం రాలేదు. తిట్టడానికి నోరూ రాలేదు. "ఆయనకి మిగిలిన గొంతు అదొక్కటే అత్తయ్యా," అని మాత్రం అంది. అత్తయ్య కుళాయి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి తెర వెలుగుతోంది. భార్య కూర్చునేదాకా ఆగి మావయ్య మీట నొక్కాడు.

"కాలు తియ్యవే. ఈసారికి చెప్పనీ."

ఆమె బల్ల మీదికి వంగింది. "మీకు తెలుసా?"

"నీ మోకాలు కదలడం కనిపిస్తుంది."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన వేలు మళ్లీ అక్షరాల మీదికి వెళ్లింది. "నాకు మాత్రం చెప్పాలని ఉందా."

ఆమె రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుంది. మేనకోడలు లేచిపోబోతే చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చదును గొంతు, వాతావరణం చెప్పినంత తాపీగా చెప్పింది: "ఆపరేషన్ వద్దు. చేసినా లాభం లేదని డాక్టరు కళ్లలోనే కనిపించింది. ఇంట్లో ఉంటాను. నీ ఎదురుగా."

"మరి నా సంగతి?" అంది ఆమె.



ఆయన ఆపరేషన్‌కి వెళ్లలేదు. కంప్యూటరు తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. మొగుడూ పెళ్లాలు తెగ మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు కూడా. కారే కుళాయికి వాషరు ఎలా వెయ్యాలో ఆయన చెబుతుంటే ఆమె వేసి చూపించింది. పోనుపోను వేలిలో బలం తగ్గింది. వాక్యాలు మాటలయ్యాయి. మాటల్లో గుడులూ కొమ్ములూ జారిపోయి, స్పీకరు ఏదో పలికితే ఆమె సరిదిద్ది అర్థం చేసుకునేది. ఒక మధ్యాహ్నం ఆ వేలు మీట మీద ఆనింది కానీ నొక్కలేకపోయింది. ఆమె ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. పొద్దు వాలకముందే ఆయన పోయాడు.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మేనకోడలు కంప్యూటరు సంగతి అడిగింది.

"తీసుకుపోవే. మాట లేనివాళ్లు ఇంకెవరైనా ఉంటారు," అంది అత్తయ్య. తరువాత గొంతు దించి, "ఆయన అసలు గొంతు నాకు గుర్తుకు రావడం లేదే. ఎంత తలుచుకున్నా ఈ మిషను గొంతే వినిపిస్తోంది," అంది.

మేనకోడలు వైర్లు చుట్టడం ఆపి పక్కన కూర్చుంది. చీకటి పడుతున్నా ఇద్దరిలో ఎవరూ లేచి దీపం వెయ్యలేదు. ఆ రాత్రికి మేనకోడలు ఇంటికి వెళ్లకుండా అక్కడే ఉండిపోయింది.