పిలవకుండా వచ్చిన కుర్చీ

పొద్దున్నే చెవిటికల్లులో ఆటో ఎక్కి, కంచికచర్లలో బస్సు మారి, సూసన్ నందిగామలో దిగేసరికి కోర్టు సందులో టిఫిన్ బండ్ల దగ్గర జనం మూగి ఉంటారు. పురుగుమందుల షాపు పక్క మెట్లెక్కి తాళం తీస్తుంది. కింది నుంచి వచ్చే మందు వాసన పోయేదాకా ఫ్యాన్ తిప్పి, అప్పుడు కుర్చీలు సర్దుతుంది. ఊళ్లో ఆమెని కౌన్సిలింగ్ మేడం అంటారు.

ఆ కుర్చీలు పరిటాలలో ఒక టెంట్ హౌస్ ఎత్తేస్తుంటే కొన్నవి. నీలం ప్లాస్టిక్‌వి, వీపు మీద ఎర్ర పెయింటుతో పాత యజమాని పేరు. పెళ్లిళ్లకీ దినాలకీ ఏళ్ల తరబడి జనాన్ని మోశాయి కాబట్టి మనుషుల సంగతి వాటికి బాగానే తెలుసు. ఎవరైనా కూర్చుని మాట్లాడుతుంటే వాటంతటవే జరుగుతాయి. ఒక్కరే వస్తే, చెప్పలేని మాట దగ్గర కుర్చీ గోడ వైపు తిరుగుతుంది, చెప్పేశాక మళ్లీ ఇటు తిరుగుతుంది. మొగుడూ పెళ్లాలైతే కుర్చీలు దగ్గరికో దూరానికో పోతాయి. ఇంటిల్లిపాదీ వస్తే ఎవరు ఎవరి పక్షమో కాసేపట్లో తేలిపోతుంది. కుర్చీ కదిలినప్పుడల్లా, ఇల్లు ఊడ్చే మనిషి వస్తే ఎత్తినట్టు జనం కాళ్లు కాస్త పైకెత్తి, మాట ఆపకుండా కానిస్తారు.

సూసన్‌కి ఒక నియమం ఉంది. దాన్ని చార్టు మీద పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించింది. ఎవరి మాట వాళ్లే చెప్పాలి. "మా ఆవిడ ఉద్దేశం ఏంటంటే మేడం" అని ఎవరైనా ఎత్తుకుంటే, పెన్ను ఎత్తి చార్టు చూపిస్తుంది. ఆ నియమంతో చాలా సంసారాలు దారిలో పడ్డాయి. అందుకే దాని మీద ఆమెకి కాస్త గర్వం కూడా ఉంది.

జగ్గయ్యపేట నుంచి భవానీప్రసాద్, నాగశ్రీ వచ్చినప్పుడు ఆ గర్వానికి తొలిసారి చురక తగిలింది. అతనిది డ్రిప్పు పైపుల షాపు. ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరి ఇష్టం మీదే విడాకులకి వేసుకున్నారు. సోమవారం కోర్టులో ఆఖరి సంతకాలు. ఒకసారి కౌన్సిలింగ్‌కి వెళ్లి రమ్మని లాయరు అన్నాడని వచ్చారు, అంతే.

"తప్పెవరిదీ లేదండీ," అంది నాగశ్రీ. "ఇంట్లో మాటల్లేవు. ఎన్నాళ్లని అలా?"

"ఆయన వైపు చూసి చెప్పండి," అంది సూసన్.

నాగశ్రీ చూసింది. అతనూ చూశాడు. టిక్కెట్టు చిల్లర కోసం కండక్టరు వైపు చూసినట్టు చూసుకున్నారు. కుర్చీలు అటూ పోలేదు, ఇటూ రాలేదు. కానీ మెట్ల దగ్గర దొంతర లోంచి ఒక కుర్చీ ఊడివచ్చి, గడప దాటి, ఇద్దరి మధ్యా కాస్త వెనగ్గా ఆగింది.

మనిషి లేకుండా కుర్చీ రావడం సూసన్ ఎప్పుడూ చూడలేదు. తీసి బయట పెట్టింది. ఇంకోసారి రమ్మంటే వాళ్లు వచ్చిన రోజు అదీ మళ్లీ వచ్చింది. ఆ రాత్రి అన్నం తింటున్నా, బట్టలు మడతేస్తున్నా ఆమెకి అదే ధ్యాస. ఎవరిది ఆ కుర్చీ? మొగుడూ పెళ్లాల మధ్య ఖాళీ కుర్చీ అంటే ఇంకెవరు, అత్తగారే అయ్యుంటుందని తేల్చుకుంది. శనివారం ఆవిడని కూడా తీసుకురమ్మని ఫోన్ చేసింది.

భారతీదేవి మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మధ్య కుర్చీ అప్పటికే వచ్చి ఉంది. ఆవిడ అందులో కూర్చోబోతే అది జానెడు వెనక్కి జరిగింది. ఇంకోసారి ప్రయత్నిస్తే ఇంకో జానెడు.

"ఇది నాకు కాదమ్మాయ్," అని గోడవారకున్న దాన్లో కూలబడింది. "మా ఆయన కోసం వేసుంటారు."

"ఆయన..."

"పోయి ఏడాది కావస్తోంది. వీళ్లిద్దరూ ఎప్పుడు మాట్లాడుకుని చచ్చారు గనక? పెళ్లైన కొత్తలో ఏదో పట్టింపొచ్చి మాటలు మానేస్తే మా వరప్రసాదరావు గారు మధ్యలో దూరాడు. ఇటు మాట అటు, అటు మాట ఇటు. పట్టింపు పోయింది, అలవాటు ఉండిపోయింది. 'మావయ్యా, మోటారు ఆపమనండి.' 'నాన్నా, టిఫిన్ అయిందేమో అడుగు.' వరండాలో ఆయనకి అదే ఉద్యోగం."

సూసన్ గోడ మీది చార్టు వైపు చూసింది. ఎవరి మాట వాళ్లే చెప్పాలని ఇన్నాళ్లూ తను పోరు పెట్టింది వీళ్లనా? లేచి వెళ్లి చార్టు తీసి, చుట్టచుట్టి బల్ల కింద పెట్టింది.

"నాగశ్రీ గారూ, ఆయన్ని చూడొద్దు. మావయ్య గారికే చెప్పండి."

నాగశ్రీ కొంగు సర్దుకుంది. ఖాళీ కుర్చీ వైపు తిరగ్గానే ఆమె గొంతు మారిపోయింది, బడి నుంచి ఇంటికొచ్చిన పిల్ల గొంతులా.

"మావయ్యా, రోజూ సాయంత్రం మీ అబ్బాయి స్కూలు గేటు దగ్గరికి బండేసుకుని వచ్చేవాడు. మీరు పోయాక ఒక్కరోజూ రాలేదు. నేను ఆటోలో వస్తున్నా. ఎందుకు మానేశాడో అడగండి."

కుర్చీ నేల మీద గీసుకుంటూ వెళ్లి భవానీప్రసాద్ పక్కన ఆగింది. అతను దాని చేతి మీద చెయ్యి వేశాడు.

"తనే కదా నాన్నా మానేసింది. రోజూ నువ్వొచ్చి, 'నాగశ్రీ రమ్మంటోందిరా, గేటు దగ్గర చూస్తుంటుంది' అనేవాడివి. షాపు వదిలేసి పరిగెత్తేవాణ్ణి. నువ్వు పోయాక తను ఒక్కసారైనా కబురు పెట్టిందా? నేను అక్కర్లేదనేగా?"

కుర్చీ మళ్లీ నాగశ్రీ దగ్గరికి వచ్చింది.

"నేనెప్పుడు రమ్మన్నా మావయ్యా?"

భవానీప్రసాద్ తలెత్తి కుర్చీ వైపు చూశాడు.

"నేను ఒక్కసారి కూడా రమ్మనలేదు. తనకే వచ్చి తీసుకెళ్లాలనిపిస్తోందని నేను..." అంటూ ఆగిపోయింది.

భారతీదేవి ముక్కు చీదుకుంది. "ఆయనంతే. నేను వండిన ఉప్మా ఉప్పు కషాయమైనా, వాడు బాగుందన్నాడని నాకు చెప్పేవాడు. ఇరవయ్యేళ్లు అదే ఉప్మా చేశాను."

నాగశ్రీకి నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. భవానీప్రసాద్ తల దించుకుని నేల చూస్తున్నాడు. చివరికి అలవాటుగా మధ్యకి తిరిగాడు.

"నాన్నా, తనని అడుగు..."

కుర్చీ అక్కడ లేదు. అప్పటికే గడప దాటుతోంది. మెట్ల దగ్గరికి వెళ్లి, దొంతర మీదికి ఎక్కి, మిగతావాటిలో సర్దుకుని కూర్చుంది. సూసన్ దాన్ని మళ్లీ తీసుకురావడానికి లేవబోయి ఆగింది.

భవానీప్రసాద్ కాసేపు ఆ ఖాళీ చోటే చూశాడు. దాని అవతల నాగశ్రీ ఉంది. చూపు అక్కడిదాకా వెళ్లడానికి చాలాసేపు పట్టింది.

"సోమవారానికి సెలవు పెట్టావా?" అన్నాడు.

"పెట్టా. కోర్టుకని."

"అది..." గొంతు సవరించుకున్నాడు. "అది రద్దు చేసుకోవడం కుదురుతుందా? స్కూలు ఎన్నింటికి వదులుతారు?"

ఇద్దరి కాళ్లూ కొంచెం పైకి లేచాయి.

"నాలుగున్నరకి," అంది నాగశ్రీ. "ఎండగా ఉంటుంది. గేటు దగ్గర కాదు, ఎదురుగా చెప్పుల షాపు ముందు నీడలో ఉండండి."