దుప్పి పిలిస్తే

ఈ దేశం వచ్చి యూనివర్సిటీలో చేరిన కొత్తలో రూమ్ దొరక్క తిరుగుతున్న నన్ను తమ ఇంట్లో పెట్టుకున్నవారు హేమచంద్ర అంకుల్, వసంత ఆంటీ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే. అసైన్‌మెంట్ ఎలా రాయాలో కూడా ఆంటీ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చి గంగాలిన్ అనే ఊరికి మారాక కూడా వాళ్లు ఏ పని చెప్పినా కాదనలేదు. ఈ ఏప్రిల్‌లో చెప్పిన పని, దుప్పిని పిలవడం.

అంకుల్‌కి కొండల దగ్గర ఆపిల్ తోట ఉంది. ఇది దుప్పులు జతకట్టే కాలం. ఒక పెద్ద మగ దుప్పి కొమ్ములు రుద్ది లేత మొక్కల బెరడు ఒలిచేస్తోంది. ఇంకో వారం ఇలాగే సాగితే కొత్తగా నాటిన వరసలేవీ మిగలవు. తోట పాడుచేసే దుప్పిని కాల్చడం ఇక్కడ నేరం కాదు. ఏటా అంకులే ప్లాస్టిక్ గొట్టంలోకి దుప్పిలా అరిచి, దాన్ని రప్పించి కాల్చేవారు. గుండె ఆపరేషన్ అయ్యాక ఆయనకు అంత ఊపిరి లేదు.

తెల్లవారుతుండగా కంచె పక్కన కూర్చున్నాం. గాలి అడవి వైపు నుంచి మా ముఖాలకు కొడుతోంది కాబట్టి మా వాసన దానికి అందదు. అంకుల్ తుపాకీతో ముందు, నేను గొట్టంతో వెనక.

దుప్పి అరిచింది. వెంటనే అరిచాను. మళ్లీ అరిచింది, మళ్లీ బదులిచ్చాను. ఆ తర్వాతి అరుపు దూరం నుంచి వచ్చింది.

అంకుల్ వెనక్కి తిరిగారు. “ఏంటమ్మా భానూ, వాడు నోరు మూయకముందే అందుకుంటున్నావ్?”

“పిలిస్తే పలకద్దా అంకుల్? మా నాయన రెండోతూరి పిలవాల్సొస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు.”

“వాడు మీ నాన్న కాదు తల్లీ! నువ్వు వాడి మందకి ఎసరు పెట్టే ఇంకో మగాడివి. ‘వస్తున్నా సార్’ అన్నట్టు అరిస్తే ఎలా? కాస్త పొగరుండాలి.”

“నాకు పొగరు రాదు అంకుల్.”

“సండే కూడా బాస్ ఈమెయిల్‌కి రిప్లై ఇస్తావ్, ఎక్కణ్ణుంచి వస్తుందిలే! ఊరుకో చాలు. ఒళ్లు మండి వాడే వస్తాడు. ఎండ పడితే మాత్రం మందతో చెట్లలోకి పోతాడు.”

దుప్పి అరిచింది. గొట్టం నోటిదాకా వెళ్లింది. దించేశాను. ఇంకోసారి అరిచింది, ఈసారి దగ్గరగా, కోపంగా. పెద్దవాళ్లు పిలుస్తుంటే దాక్కున్నట్టనిపించింది. ఆ కొమ్మకు ఎండ తగిలింది, ఈ కొమ్మకు తగిలింది. పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

పుల్లలు విరిగిన చప్పుడు. ఇప్పుడు అరవమన్నట్టు అంకుల్ వేలెత్తారు.

ఒక్కటే అరుపు, పొట్టిగా, గొంతు అడుగు నుంచి అరిచాను. దుప్పి కొమ్ములు విదిలిస్తూ చెట్లు దాటి వచ్చి, మమ్మల్ని వెతుకుతూ పక్కకు తిరిగింది. తుపాకీ మోగింది. రెండడుగులు వేసి కూలిపోయింది.

అంకుల్ టోపీ తీసి, వంగి దాని మెడ మీద చెయ్యి పెట్టారు. “ఏం చెయ్యనురా, మొక్కలు మరీ పసివి,” అన్నారు. నా వైపు తిరిగి, “థాంక్స్ తల్లీ,” అన్నారు.

ఆ మాట ఆయన నాతో అనడమేమిటి? ఆయన కాళ్ల మీదికి వంగాను.

“నావి కాదమ్మా, వాడి కాళ్లు పట్టుకో! ట్రాక్టర్ దాకా లాగాలి,” అని అంకుల్ తన కళ్లు తుడుచుకున్నారు.